గుండె ఏమంటుందో విన్న మనిషి

వేరుశనగ గింజలు గుండెకు మేలని గ్రంథాలయంలో చాలా చదివాను. ఆ మేలును ఒక మనిషి నమ్మిన క్షణం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు కనుక ఇది రాస్తున్నాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో, మధ్యాహ్నపు ఎండకు అందరూ జోగుతున్నారు. పక్కసీటు పెద్దాయన వేయించిన వేరుశనగ కాయలు ఒలిచి నా చేతిలో పోస్తున్నాడు. తాను మాత్రం ఒక్కటీ తినలేదు.

"నువ్వు తినవా పెద్దాయనా?"

"గుండెకు స్టెంటేసినారప్పా. ఈ బుడ్డలు పండించేటోణ్ణి, గానుగలో నూనె ఎట్ల కారుతాదో చూసినా. అదంతా నరాల్లో పేరుకోదా?"

"ఉప్పు లేకుండా పిడికెడు తింటే రక్తనాళాలకు మంచిదని చదివినా. డాక్టరేమన్నాడు?"

"తినమనె. ఆయప్ప ఎన్నడన్నా గానుగ చూసినాడా?"

"నేనూ చూడలేదు" అన్నాను. ఆయన నవ్వాడు.

కాసేపటికి ఒక గింజ నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుండె మీద అరచెయ్యి ఆనించాడు. కిటికీ బయట జొన్నచేలు నీళ్లలా కదిలిపోతున్నాయి. నేను ఆయన వైపు వంగాను.

"గుండె ఏమంటాంది?" అన్నాను.

"ఏమీ అనల్యా" అంటూ ఇంకో కాయ ఒలుచుకున్నాడు.

పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రేరియన్ సరోజమ్మకు, ఆ సీటు చూపిన కండక్టర్ మస్తానుకు, ఇది చదివి దిద్దిన మా చెల్లెలు లక్ష్మీదేవికి కృతజ్ఞతలు. పెద్దాయన పేరు అడగలేదు. రోజూ పిడికెడు తింటున్నాడనే అనుకుంటాను.