బోణీకి పోయిన గరుడపక్షి

మా ఇంటెదుటి మందులషాపు షట్టర్ గరగరమంటూ పైకి లేచి, వాకిట్లో చల్లిన నీళ్ళకి తడిసిన దుమ్ము వాసన వచ్చిందంటే, నాకు ఇప్పటికీ ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వొస్తుంది. రెండూ శృంగవరపుకోటలో చీరలషాపు నడిపిన మా షావుకారుగారి మీదే. డిగ్రీ అయ్యాక, రాసిన ఉద్యోగ పరీక్షలన్నీ వరసగా తప్పుతూ, ఆయన షాపులో మూడేళ్ళు కంప్యూటర్ మీద బిల్లులు కొట్టాను. పొట్టి మనిషి. మెడలో ఎప్పుడూ కొలతల టేపు, నెత్తిమీద జుట్టు లేకపోయినా జేబులో దువ్వెన.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నేను ఇంటర్నెట్‌లో ఒక కార్డుల ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాను. పేకముక్కలు కావు. ఒక్కో కార్డు మీద ఒక జంతువో రాక్షసుడో, దానికో బలం. మన దగ్గరున్నవాటిలోంచి ఒక కట్ట కట్టుకుని, ఏ దేశంలోనో కూర్చున్న మనిషితో తలపడాలి. కార్డులు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు కూడా. మొదటి పదకొండు ఆటలూ ఓడిపోయాను. పన్నెండోది ఓడుతుండగా వెనకనించి షావుకారుగారి గొంతు వినబడింది.

"ఏటమ్మా అది? దుకానంలో పేకాటేటి?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. తడబడుతూ ఆట సంగతంతా చెప్పాను. ఆయన తిట్టలేదు సరికదా, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నీ కట్టలో ఎన్నున్నాయి?"

"తొంభై అండి. ఉన్నవన్నీ పెట్టేశాను."

"తక్కువలో తక్కువ ఎన్నుండాల?"

"నలభై."

"మరేటి! పెళ్ళికూతురు సీర అడిగితే షాపంతా దించి నెత్తిన పోస్తావా? నలభయ్యే ఉంచు. మంచి సరుకు చేతికందాలంటే సెత్త అడ్డం ఉండకూడదు."

యాభై కార్డులు తీసెయ్యడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. ఒక్కోటీ తీస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మర్నాడు మాత్రం మొదటిసారి గెలిచాను. మేలిరకం ముందే పరవకూడదన్నది ఆయన రెండో పాఠం. ముందు రెండు నాసిరకాలు పరిచి, ఎదుటివాడి మొహం చూడాలట. మొహం కనబడదు కదండీ అంటే, "ఎంతసేపు ఆలోసిస్తన్నాడో కనబడతాది గదా" అన్నారు. అదీ నిజమే అయింది. గెలుపులు వరసగా వచ్చాయి. ఒక గెలుపుకి బహుమతిగా బంగారు రెక్కల గరుడపక్షి కార్డు వచ్చింది. అలాంటిది దొరకడం చాలా అరుదు.

శుక్రవారం కొత్తవాళ్ళకి పోటీ ఉంది. నేను లక్కీడ్రాలో సబ్బుపెట్టె కూడా గెలిచిన మనిషిని కాను. పరీక్షల ఫలితాల్లో వెతికి వెతికి నా కళ్ళు అలిసిపోయాయి. ఒక్కచోటైనా, ఒక్కసారైనా, నెగ్గినవాళ్ళ జాబితాలో నా పేరు చూసుకోవాలని మహా ఆశగా ఉండేది. ఆ ఆశంతా గరుడపక్షి మీదే పెట్టుకున్నాను.

గురువారం పొద్దున్న షట్టర్ లేపాం, నీళ్ళు చల్లాం, ఇంకా ఎవరూ రాలేదు. కంప్యూటర్ తెరిస్తే మూన్‌ఫిష్ అనే ఎవరో నాకు బేరం పంపారు. నా గరుడపక్షి ఇస్తే తన తాబేలూ, పుట్టగొడుగూ ఇస్తాడట. ఫక్కున నవ్వి, వద్దని నొక్కబోయాను.

"ఆగు! ఇంకా బోణీ అవలేదు," అన్నారు షావుకారుగారు.

"ఇది షాపు బేరం కాదండి, నా ఆట."

"ఏ గుమ్మంలోంచి వస్తేనేటి? పొద్దున్న మొదటొచ్చిన బేరం తిప్పకూడదు. ఇన్నేళ్ళలో నాను తిప్పలేదు."

"తాబేలూ పుట్టగొడుగూ అండీ!"

"ఆడి దగ్గర అవే ఉన్నాయేమో. కొత్తోడు, పాపం. ఇచ్చీయ్. ఆడు మళ్ళీ వస్తాడు, సూడు."

అంతకుముందు ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమయ్యాయి. పైగా జీతమిచ్చే మనిషి. నొక్కేశాను. ఆయన మౌస్ అందుకుని, భక్తిగా కళ్ళకద్దుకున్నారు. తర్వాత కంప్యూటర్‌కి అగరొత్తు తిప్పారు. ఆ పొగలో నా కన్నీళ్ళు ఆయనకి కనబడలేదు.

శుక్రవారం తాబేలుతోనే ఈడ్చుకుంటూ నాలుగు ఆటలు నెగ్గాను. అయిదోది నెగ్గితే జాబితాలో నా పేరు. ఎదురుగా వచ్చిందెవరు? మూన్‌ఫిష్. షావుకారుగారు చెప్పినట్టే వాడు మళ్ళీ వచ్చాడు! నా గరుడపక్షిని దింపి మూడు దెబ్బల్లో నా తాబేలుని చంపేశాడు. నా వెనక నిలబడ్డ షావుకారుగారు మురిసిపోయారు.

"సూసేవా మన సరుకు! ఎంత గట్టిగా ఉన్నాదో!"

కుర్చీ వెనక్కి తోసి ఇంటికి వచ్చేశాను. రెండు రోజులు షాపు మొహం చూడలేదు. మూడోరోజు ఆయనే స్కూటర్ మీద వచ్చి మా అరుగుమీద కూర్చున్నారు. అమ్మ ఇచ్చిన టీ తాగకుండా, గ్లాసుని చేతిలో తిప్పారు.

"బోణీ మాట తప్పని అననమ్మా. కానీ ఆ గరుడపచ్చి నీది. నీ సరుక్కి నాను బేరం కుదిర్సీసినాను. అది తప్పే."

గ్లాసు అరుగుమీద పెట్టారు.

"రేపట్నించి బోణీ నీ సేత్తోనే. మొదటి సీర నువ్వే ఇయ్యి. నీ సెయ్యి మంచిది."

ఆ షాపులో బోణీ ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యలేదు. కన్నకొడుకు చేతిని కూడా ఆయన నమ్మలేదు. పదిసార్లు పరీక్ష తప్పిన నా చెయ్యి మంచిదని ఒక మనిషి ఇంటికొచ్చి మరీ చెప్పాడు. లోపలికెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాను. మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి షట్టర్ దగ్గర నిలబడ్డాను. ఉద్యోగం ఆ తర్వాతెప్పుడో వచ్చింది కానీ, నామీద నాకు నమ్మకం వచ్చింది ఆ వారంలోనే.

ఆయన పోయారు. ఆ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నేను విజయనగరంలో ఉంటున్నాను. మూన్‌ఫిష్ ఏ దేశంవాడో ఈనాటికీ తెలీదు గానీ, బేరాలు మాత్రం మానలేదు. ఇవాళ పొద్దున్న మందులషాపు షట్టర్ లేచే వేళకి ఫోన్లో ఒకటి వచ్చింది. నా దగ్గరున్న వాటిలోకెల్లా మంచి కార్డు ఇస్తే, ఒక పీతని ఇస్తాడట. వాణ్ణి మనసారా తిట్టుకున్నాను. సరేనని నొక్కి, ఫోన్ కళ్ళకద్దుకున్నాను.

కాఫీ తాగుతూ మా ఆయన వింతగా చూశారు. "ఏటది, ఎవరైనా దేవుడి బొమ్మ పంపేరా?"

"కాదు," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "పీత."