వెనక వరుసలో అక్క

వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అనేవారు. ముప్పై నాలుగేళ్లు పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేశాడు. మేడమీద మోటారు గదిలో కళ్లు మూసుకుని నిలబడి, కప్పీ మీద తాళ్లు తిరిగే చప్పుడు విని, "మూడోది అరిగింది, మార్చాలి" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే అయి ఉండేది. అంత చెవి ఉన్న మనిషి సొంత అక్క కచేరీకి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

అక్క నలభై మంది వాద్యబృందంలో డబుల్ బేస్ వాయించేది. నిలువెత్తు ఫిడేలు అది. నిలబడి, కౌగిలించుకున్నట్టు పట్టుకుని వాయించాలి. ఆమె చోటు వెనక వరుసలో కుడి చివర. ప్రతి కచేరీకీ తమ్ముడికి టిక్కెట్టు పంపేది. సరిగ్గా అదే సాయంత్రం ఎక్కడో ఓ లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయేది.

"ఈసారి తప్పకుండా వస్తానక్కా."

"నువ్వొచ్చేలోగా నా ఫిడేలుకి చెదలు పడతాయిరా" అని నవ్వేది.

చెదలు పట్టలేదు. అక్కే పోయింది, యాభై తొమ్మిదో ఏట.

బృందం చేసిన సీడీ ఒక్కటి మిగిలింది. దాని చివర ఫిడేళ్లన్నీ సన్నగా ఒక్క స్వరం మీద నిలబడి ఉండగా, వాటి అడుగున అక్క ఒక మంద్రస్వరాన్ని చాలాసేపు లాగుతుందని బావ చెప్పాడు. ఆ స్వరాన్ని వినాలి. ఉద్యోగం వదిలాక లిఫ్టాయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఏళ్ల తరబడి కొట్టు అద్దాల అవతలినుంచి చూసిన స్పీకర్ల జతను ఇంటికి తెచ్చుకున్నాడు. పదడుగులకు పదకొండడుగుల గది. అందులో ఒక బీరువా, భార్య కుట్టుమిషను, ఒక కుర్చీ. ఆ గదిలో స్పీకర్లు ప్రాణం పోసుకున్నట్టు పలికాయి. కమాను తీగకు తగిలే గరగర కూడా వినబడింది. చివరి స్వరం దగ్గర మాత్రం అడుగున ఏమీ లేదు.

"వాటి తప్పు కాదండీ" అన్నాడు కొట్టతను. "అంత కిందికి అవి దిగలేవు. మంద్రానికి విడిగా సబ్‌వూఫర్ అనే పెట్టె పెట్టుకోవాలి."

బండరాయంత బరువున్న ఆ నల్లపెట్టె వచ్చింది. ఖాళీ ఉన్నది ఒక్క మూలేగనక ఆ మూలనే పెట్టి, దాని చప్పుడు పెంచే మరను బాగా పైకి తిప్పాడు. వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి.

"ఏమండీ, వదిన వచ్చిందా, భూకంపం వచ్చిందా?" అని భార్య తొంగిచూసింది.

"వినిపిస్తోందా లేదా?"

"నాకేంటి, పక్కింటివాళ్లక్కూడా వినిపిస్తోంది."

ఆదివారం మధ్యాహ్నం బావను పిలిచాడు. బావ లెక్కల మాస్టారుగా చేసి మానుకున్నవాడు. భార్య వాయించిన కచేరీ ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు. తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"ఎవర్రా ఈ మొరటుమనిషి?"

"అదేంటి బావా, అక్కే."

"మీ అక్క ఎప్పుడైనా ఇలా మీదపడి మాట్లాడిందట్రా? నలభై మందిలో తను విడిగా వినబడిందని ఎవరైనా అంటే ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఓసారి తనకి జ్వరమొచ్చి వాయించడానికి వెళ్లలేదు. ఆ రోజు నేనొక్కణ్ణే వెళ్లి కూర్చున్నా. అందరూ ఉన్నారు, అందరూ బాగానే వాయించారు. కాళ్ల కింద నేల లేనట్టుంది. తనేం వాయిస్తుందో నాకప్పుడు తెలిసింది, పెళ్లయిన పదకొండేళ్లకి."

లిఫ్టాయన లేచి, కొట్టతను చెప్పినా సిగ్గుపడి అంతవరకూ చేయని పని చేశాడు. బావను ఓ చెయ్యి వేయమని, నల్లపెట్టెను తను కూర్చునే కుర్చీలోకి ఎత్తించాడు. పాట పెట్టి, చెవి కుర్చీ ఎత్తుకు వచ్చేలా, మోకాళ్ల మీద గోడ వెంబడి పాకడం మొదలుపెట్టాడు. ఎక్కడ గుయ్యిమనకుండా సాఫీగా వినబడితే అక్కడే ఆ పెట్టెను పెట్టాలి. బావ కూడా పంచె ఎగగట్టి వెనకాలే పాకాడు.

భార్య కాఫీతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "ఏం పారేసుకున్నారు ఇద్దరూ?"

"మా ఆవిణ్ణమ్మా" అన్నాడు బావ, తల ఎత్తకుండానే.

కుట్టుమిషను దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగారు.

"అయితే నా మిషను వీధిలో పెట్టుకోవాలేమో" అంటూనే ఆమె కాఫీ కింద పెట్టి, ఒక కొస తనే పట్టుకుంది. "చూస్తారేం? అటు పట్టండి."

పెట్టె అక్కడ కుదురుకుంది. ఇక మిగిలింది మర. బావ కుర్చీలో కూర్చున్నాడు, లిఫ్టాయన పెట్టె పక్కన నేలమీద.

"తగ్గించు."

తగ్గించాడు.

"ఇంకా విడిగా తెలుస్తోంది. తగ్గించు."

"ఇంకొక్క గీత తగ్గిస్తే పోతుంది బావా."

"పోనీరా."

పోనీ అనడం ఆయనకు తేలికే. ముప్పై ఏళ్లు విన్నవాడు. లిఫ్టాయన వేళ్లు మర మీద ఆగిపోయాయి. మూడు రోజులే అయింది అక్క దొరికి. చివరికి ఆ గీత కూడా తిప్పాడు.

అక్క వినబడలేదు. కానీ గోడ వెనక్కి జరిగినట్టయింది. ఫిడేళ్లు ఎత్తైన కప్పు కింద, బరువైన చెక్క వేదిక మీద, ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు.

"ఇప్పుడు ఆ పెట్టె ఒక్కటీ ఆపు" అన్నాడు బావ మెల్లగా.

ఆపాడు. వేదిక పోయింది. కాగితం మీద గీసిన ఫిడేళ్లు మిగిలాయి. గబుక్కున మళ్లీ మీట వేశాడు.

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదీ... అదే మీ అక్క." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వేలు చూపించాడు, "ఇక ఆ మర ముట్టుకోకు" అని.

లిఫ్టాయన ముట్టుకోడు. ఇల్లు సద్దుమణిగిన మధ్యాహ్నాల్లో పాటంతా బుద్ధిగా వింటాడు. ఒక్క చివరి స్వరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుర్చీలోంచి లేచి, పెట్టె పక్కన చతికిలబడి, రెండు గీతలు పైకి తిప్పుతాడు. నలభై మందినీ తోసుకుంటూ ఆమె ముందుకొస్తుంది.

"తిట్టకక్కా, ఈ ఒక్కసారికే" అంటాడు. నిన్నా అలాగే అన్నాడు.