పేరు రాయని కాగితాలు

మా మేడం పోయారని పోయిన సోమవారం పొద్దున మదనపల్లె నుంచి ఫోను వచ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇక నన్ను ఎవరూ అందరి ముందు నిలబెట్టరు అని మొదట అనిపించింది. తరువాత సిగ్గేసింది. ఆవిడంటే నాకు ఇష్టం ఉండేది కాదు. పోయారు కదా అని, ఉండేదని రాయలేను.

పనిచేసే చోట మనుషుల మనసులు ఎలా ఉంటాయో చదివే శాస్త్రం ఆవిడది. తొంభైలలో బెంగళూరు కంపెనీలకు సలహాదారుగా తిరిగారు. తరువాత కుప్పంలో, విశ్వవిద్యాలయంలో మాకు పాఠం చెప్పారు. సెలవుల్లో చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పిలిస్తే వెళ్ళేవారు. ఎక్కడికి వెళ్ళినా మేనేజరు గదిలో టీ తాగేవారు కాదు. ముందు గేటు దగ్గర వాచ్‌మన్‌ను పలకరించేవారు. "ఈడ ఎవురు నవ్వితే మిగతావాళ్ళు నవ్వుతారప్పా?" అని అడిగేవారు. ఆ జవాబులోనే సగం రిపోర్టు ఉంటుందని మాకు చెప్పేవారు.

నేను మదనపల్లె కాన్వెంటులో చదివినదాన్ని. తలవంచుకుని రాయడం వచ్చు, తలెత్తి అడగడం రాదు. మొదటి వారంలోనే ఆవిడ అది పట్టుకున్నారు.

"ఏమ్మా కాన్వెంటు, బల్లను అడుగుతాండావా ప్రశ్న? బల్లకు జీతం పెంచాల్నా?"

క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు కాన్వెంటే. నోట్సు బాగా రాస్తే, "రాసింది సరే, ఎవురితో మాట్లాడినావు?" అనేవారు. అమ్మకు చెప్పుకుని ఏడిస్తే మానేసి రమ్మంది. లైబ్రరీ కోసం ఉండిపోయాను.

మూడేళ్ళ కిందట వేసవిలో పుంగనూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు ఆవిడను పిలిచారు. పండ్ల తొక్క తీసే ఆడవాళ్ళు సీజను మధ్యలోనే మానేస్తున్నారు, ఎందుకో కనుక్కోవాలి. నన్ను వెంట తీసుకెళ్ళారు. షెడ్డులో అందరి ముందూ ఆవిడ మాట ఇచ్చారు: "పేరు రాయం. ఎవురేం చెప్పినారో మీ ఆఫీసుకు తెలీదు."

చాలామందికి రాయడం రాదు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని నేనే అడిగి రాశాను. రెడ్డెమ్మ అనే ఆమె తొక్క తీస్తూనే ముందు చుట్టూ చూసింది. తరువాత గొంతు తగ్గించి, "బాత్రూము తాళం సూపర్‌వైజరు జేబులో పెట్టుకోనుంటాడమ్మా. అడిగితే సెయ్యి పట్టుకుంటాడు. నేను సెప్పినానని తెలిస్తే రేపట్నుంచి నాకు పని లేదు" అంది. రాశాను.

నా తప్పు ఇది. ఎవరినీ మరిచిపోకూడదని హాజరు రిజిస్టరు వరుసలో పిలిచాను. కాన్వెంటులో నంబరు లేని కాగితం తీసుకోరు. ఆ అలవాటు కొద్దీ ప్రతి కాగితం మూలన రిజిస్టరులోని వరుస నంబరు వేసేశాను.

సాయంత్రం ఆఫీసు గదిలో మేనేజరు కట్టలోని పై కాగితాలు రెండు తిరగేసి నవ్వాడు. "మంచి పని చేసింది మేడం మీ పాప. రిజిస్టరు తెప్పిస్తా ఉండండి."

మేడం కట్ట మీద అరచెయ్యి పెట్టారు.

"కాయితాలు మావే కదా మేడం. పిలిచింది మేము."

"రిపోర్టు మీది. కాయితాలు వాళ్ళవి."

"అట్లయితే రిపోర్టు కూడా వద్దులేండి."

"సరే" అని కట్ట తీసుకుని లేచారు. గది బయట నా వైపు తిరిగి కట్ట నా చేతిలో పెట్టారు. "పో, నంబర్లు వేసినానని వాళ్ళకు చెప్పు."

"మీరు చెప్పండి మేడం."

"మాట ఇచ్చింది నేను, చెడగొట్టింది నువ్వు. నోరు ఉండాది కదా."

షెడ్డులో నిలబడి చెప్పాను. వెనక వాళ్ళకు వినపడలేదని మేడం మళ్ళీ చెప్పించారు. కత్తులు ఆగాయి. "సదువుకున్న పిల్లవి, మా కూట్లో మన్ను పోసినావు గదమ్మా" అంది ఒక పెద్దామె. "ఆఫీసోళ్ళే పంపించినట్టుండారు దీన్ని" అంది ఇంకొకామె. కొందరు నవ్వారు. ఒక్కొక్కరికీ కాగితం తిరిగి ఇచ్చాను. కొందరు లాక్కున్నారు. రెడ్డెమ్మ తన కాగితాన్ని తొక్కల తొట్టిలో వేసి, రసంలో ముంచి పిసికింది. మిగతావాళ్ళూ అదే చేశారు.

ఆ ఫ్యాక్టరీ ఆవిడను మళ్ళీ పిలవలేదు. ఆ ఏడాదంతా ఆవిడ నాతో పాఠం తప్ప వేరే మాట మాట్లాడలేదు. నాకు వేసినవి పాసు మార్కులే. ఇంకొకరైతే నన్ను చాటుగా తిట్టి, కాగితాలు తామే చింపేసేవారు. ఆడవాళ్ళకు తెలిసేదే కాదు. అలా చేయడమే దయ అని చాలాకాలం అనుకున్నాను. రెడ్డెమ్మ సీజను చివరిదాకా పనిలోనే ఉందని మరుసటి ఏడు పుంగనూరు బస్టాండులో ఆ షెడ్డులోని ఒకామె చెప్పింది. నన్ను గుర్తుపట్టే చెప్పింది, నవ్వకుండా.

ఇప్పుడు నేనూ మనుషుల్ని అడిగి తెలుసుకునే పనే చేస్తున్నాను. ఆవిడ లాగి లాగి నేర్పిన చదువు ఇది. నొప్పి ఇంకా ఉంది, కృతజ్ఞతా ఉంది.

కాగితాలు పిసికేసిన ఆ రోజు మేము షెడ్డులోంచి వెంటనే వెళ్ళిపోలేదు. రెడ్డెమ్మ చేతులు తుడుచుకుని నన్ను చూసింది.

"కూసో" అంది. "మళ్ళా అడుగు. ఈ తూరి రాయొద్దు."

కింద కూర్చున్నాను. పెన్ను లేకుండా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అడిగాను. ఆమె చెప్పింది. పక్కామె అందుకుంది, తరువాత మరొకామె. ఇంతలో వరండాలో బూట్ల చప్పుడు వినిపించి రెడ్డెమ్మ ఆగింది. నేను తలుపు వైపు చూశాను. మేడం గుమ్మంలో మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు, కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ రెండు పక్కలా ద్వారబంధానికి ఆనించి. రవిక వీపంతా చెమటకు తడిసి ఉంది.

"పక్కకు జరగండి మేడం" అంటున్నాడు మేనేజరు.

ఆవిడ జరగలేదు. రెడ్డెమ్మ మళ్ళీ మొదలుపెట్టింది.