తారు గీకే పెద్దాయన

చేత్తో హ్యాండిలు తిప్పి బస్సు స్టార్టు చేసే రోజులవి. బస్సు అడుగున తారు పూయడానికి మా యజమాని కొల్లేటి పడవలకు తారు పూసే పెద్దాయనను ఏలూరు షెడ్డుకు పిలిపించేవాడు. పాత తారు రాయిలా బిగిసిపోయినా, అదంతా ఉలితో గీకనిదే ఆయన కొత్త పూత వేసేవాడు కాదు. గీకిన ప్రతి జానెడు చోటా వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

ఆ ఉదయం తాడేపల్లిగూడెం వెళ్లేవాళ్లు మూటలతో బయట నిలబడ్డారు.

"పైపైన పూసెయ్యండి, టైమయిపోతోంది," అన్నాను, డ్రైవర్ని కదా.

"పడవకైనా అలా పుయ్యనండీ," అన్నాడు బస్సు కిందనుంచి.

పోయిన వానాకాలం బస్సును రాయికి కొట్టి, అడుగు దూలం బీటవార్చింది నేనే. యజమాని కంట పడకుండా దానిమీద చేత్తో తారు మెత్తిందీ నేనే.

ఉలి ఆగింది. వంగి చూశాను. బిగిసిన తారులో, బొటనవేలితో కలిపి నాలుగే వేళ్ల అచ్చు. ఆయన తల తిప్పి, చిటికెనవేలు లేని నా కుడిచేతిని చూశాడు.

"ఏమిటండీ అక్కడ?" అంటూ, అప్పుడే షెడ్డులోకి వచ్చిన యజమాని వంగబోయాడు.

పెద్దాయన ఆ అచ్చును గబగబా గీకేశాడు. "దూలం బీటవారిందండీ. ఈ బస్సు కదలకూడదు."

యజమాని తల పట్టుకుని ప్రయాణికుల వైపు నడిచాక, పెద్దాయన ఉలి నా చేతిలో పెట్టాడు.

"మిగతాది మీరు గీకండి, డ్రైవరు గారూ."