రాతి మీద లేని మాటలు

నిన్న ఉదయం ఆరూ పదికి ఎదురింటామె టెంకాయ పీచుతో గడప బండను రుద్దుతోంది. ఆ గరగర చెవిన పడగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. సామేలన్న సమాధిరాళ్లను రుద్దినప్పుడు వచ్చే చప్పుడు అచ్చం అదే.

సామేలన్న మా ఊరి పాత సమాధుల తోటకు కాపలాదారు. అందులో ఉన్నవి ఏడు రాళ్లే, అన్నీ జర్మన్ భాషలో చెక్కినవి. ఆ జర్మన్లు వజ్రకరూరు వైపు వజ్రాల కోసం వచ్చారని కొందరు, సువార్త కోసం వచ్చారని కొందరు అంటారు. వజ్రాలు దొరికినట్టు లేదు. ప్రతి ఆదివారం ఆయన ఒక్క బిందె నీళ్లతో ఆ రాళ్లను కడిగేవాడు. ముందు పిల్లలవి, తర్వాత ఆడవాళ్లవి, అడుగున ఏమైనా మిగిలితే మగవాళ్లవి. మా కరువులో దొరలు ఏళ్ల తరబడి మురికిగానే ఉన్నారు.

నేను అప్పుడే గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరాను. బాగా చదువుకున్నవాడినని పేరు. ఒకరోజు ఆయన ఒక దొరసాని రాయి చూపించి, పేరూ సంవత్సరాలూ తాను చదవగలనని, కింది వరుసలో ఏముందో చెప్పమని అడిగాడు. నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "ఎడారిలో విరిసిన మల్లెమొగ్గా, నీ పరిమళం ఆకాశమంటెను" అంటూ నాలుగు వరుసలు కల్పించి చెప్పాను. రాతి మీద ఉన్నది ఒక్క వరుసే. ఆయనకు అనుమానం రాలేదు. కళ్లు తుడుచుకుని, కంఠతా పట్టాడు. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు, తోటకు వచ్చిన ప్రతివారికీ తలగుడ్డ తీసి మరీ ఆ నాలుగు వరుసలూ అప్పజెప్పాడు.

ఒక మధ్యాహ్నం ఆ దొరసాని వంశానికి చెందిన పెద్దావిడ జర్మనీ నుంచి వచ్చింది. సామేలన్న తలగుడ్డ తీశాడు. నా కవిత్వాన్ని ఇంగ్లిషులో చెప్పాల్సిన పని నాకే పడింది. ఆవిడ శ్రద్ధగా విని, కళ్లజోడు సవరించుకుని రాతి మీదికి వంగింది. "ఇక్కడ నిద్రిస్తోంది" అని మాత్రమే ఉందని, మిగతాది ఎక్కడుందో చూపించమని అడిగింది.

ఆమె ఏమన్నదని సామేలన్న అడిగాడు. చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆ తోటలో ఆయన మాటను ఎవరూ కాదనలేదు. ఆ పరువంతా ఇప్పుడు నా నాలుగు వరుసల మీద నిలబడి ఉంది.

"తక్కింది ఎండకు చెరిగిపోయినాదని చెప్పు సారూ," అన్నాడు.

చెప్పాను. మా ఎండను చూసి ఆవిడ నమ్మింది.

కారు వెళ్లాక ఆయన ఆ రాతి పక్కనే కూలబడ్డాడు.

"నాకు రాదని చెప్పింటే నేనేమన్నా కొడతాంటినా? ఇన్నేండ్లు ఆయమ్మ నెత్తిన నీ మాటలు మోయించినావు. నాతో మోయించినావు."

ఆ తర్వాత ఎవరొచ్చినా పేరు చదివి, ఎన్నేళ్లు బతికిందో లెక్కగట్టి, "తక్కింది నాకు రాదు" అనేవాడు. నేను పక్కనుంటే ఆ మాట కాస్త గట్టిగా అనేవాడు.

కిందటేడు ఆయన పోయాక కొడుకు నా దగ్గరికి వచ్చాడు. నాయన రాతి మీదికి మంచి మాటలు నాలుగు రాసివ్వమన్నాడు. పేరూ, రెండు సంవత్సరాలూ రాసిచ్చాను.

కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. "ఇంతేనా సారూ? రాయిలో శానా జాగా ఉండాది."

ఉండనీ అన్నాను.

ఇప్పుడు గ్రంథాలయంలో ఎవరైనా తెలియనిది అడిగితే, తెలియదంటాను. తోటలో రాళ్లు ఎనిమిదయ్యాయి. ఆదివారాలు వాటిని ఎవరూ కడగడం లేదు.