మా బాపమ్మ పేరు గంగమ్మ కాదు

ముందే చెబుతున్నాను, ఇందులో మనుషుల పేర్లు రాయను. మా బాపమ్మ అసలు పేరు కూడా రాయను. మా వాళ్లలో ఎవరికైనా అది కావాలంటే నా దగ్గరికి వచ్చి నోరు తెరిచి అడగాలి. నేనూ నోరు తెరిచి చెబుతాను. అడగకపోవడం వల్లే మా ఇంట్లో ఇంత దాకా వచ్చింది. ఒక్క గంగమ్మ అన్న పేరు మాత్రం రాస్తాను. అది మా బాపమ్మకు నేను అంటగట్టిన అబద్ధం.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను మా దిక్కు పెత్రమాస అంటారు. ఆ రోజు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. విస్తరాకులో బియ్యం, పప్పు, చింతపండు, రెండు బీరకాయలు. అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతారు, మగవాళ్లవీ ఆడవాళ్లవీ. మా బాపు బతికినన్నాళ్లు ఆ పని ఆయనదే. ఆయన ఏ పేర్లు చెప్పేవాడో నేను ఏనాడూ పక్కన కూర్చుని వినలేదు. ఆయన పోయిన ఏడాది మొదటిసారి నేను కూర్చున్నాను. బాపు పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను, ముత్తాత పేరు చెప్పాను. "నాయనమ్మ పేరు?" అన్నారు అయ్యగారు. నాకు తెలియదు. వెనక ఇరవై మంది విస్తరాకులు పట్టుకుని నిలబడ్డారు. అయ్యగారు మెల్లగా, "తెలియకుంటే ఏం ఫికర్ లేదు, గంగమ్మ అనుండ్రి, అందరం అట్లనే అంటం," అన్నారు. అన్నాను. పక్కన మా తమ్ముడు నిలబడి విన్నాడు. తమ్ముడి భార్య విన్నది. మరుసటి ఏడు నేను చెప్పకముందే అయ్యగారే అన్నారు. అట్లా పాతికేళ్లు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. ఉస్మాన్‌గంజ్‌లో తూకం పని చేస్తూ బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కున్నాను. పొట్లాలు కట్టే పాత పేపర్లతో తెలుగు, దుకాణాల బోర్డులతో ఉర్దూ నేర్చుకున్నాను. నాలుగు ముక్కలు వచ్చని గల్లీలో అందరి అర్జీలు నేనే రాసేవాణ్ణి. పది మంది పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు అడిగి అడిగి రాసిన ఆ చెయ్యి, నాకు గోరుముద్దలు పెట్టిన మనిషి పేరు ఏనాడూ అడిగి రాసుకోలేదు. ఆమె పెంచిన బర్రెల పేర్లు మాత్రం ఇప్పటికీ అప్పజెప్పగలను. బొల్లి, సుక్క, కారి, వంకరకొమ్ముది. బర్రెకు పేరుంది. మనిషికి లేదు.

ఈ సిగ్గు నన్ను పట్టుకున్నది పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో. తమ్ముడి మనుమరాలిని తొట్టెలో వేసిన రోజు. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని లాగి, "అన్నా, బాపమ్మ పేరే పెట్టినం. గంగ. ఖుషేనా?" అన్నాడు.

నేను ఉన్న మాట చెప్పేశాను. అందరూ ఉన్నారని కూడా చూడలేదు.

"గంగమ్మ బాపమ్మ పేరు గాదురా. అయ్యగారు చెప్పిన పేరది. బాపమ్మ పేరు నాకెరుక లేదు."

తమ్ముడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "పాతికేండ్ల సంది నువ్వే గద చెప్తున్నవ్!"

"అవు. నేనే."

"మరి గిప్పుడు తొట్టెల పిల్లను లేపి పేరు మార్సాల్నా?"

ఇంటికి వచ్చి ఒక లావు నోటుబుక్కు తీసి, వచ్చే పెత్రమాసలోపు చేయవలసిన పనులని రాసుకున్నాను. మొదటి వరస: బాపమ్మ పేరు. దాని కింద ఇంకో ఐదారు పనులు, మా వాళ్లు ఏ ఊరి నుంచి పట్నం వచ్చారు, పసితనంలో పోయిన పిల్లలు ఎందరు, ఇట్లాంటివి. వచ్చే పెత్రమాసకు ఆమె బియ్యం ఆమె పేరు మీదే పోవాలి. మిగతావి అయినా కాకపోయినా సరే.

ఆ ఏడాదంతా నేను కోపంతోనే తిరిగాను. మా అమ్మ అప్పటికి మంచంలో ఉంది. అడిగితే, "అత్త పేరు కోడలు అడుగుతదా? నీకేమన్న దయ్యం వట్టిందా?" అన్నది. మా కాకను అడిగాను. "అన్నీ తుగ్యానీల కొట్టుకపోయినయ్ బిడ్డా," అన్నాడు. మూసీ వరదకు మా పెద్దలు చెప్పే మాట అది. మా వాళ్లకు ఏది తెలియకపోయినా ఆ వరద మీదే తోస్తారు. "పెట్టెలు కొట్టుకపోయినయంటే సరే కాకా, పేరు గూడ కొట్టుకపోయిందా? వరద అయినంక గూడ ఆమె ఇరవై అయిదేండ్లు మన నడుమనే బతికింది గదా," అన్నాను. కాక తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

మా వంశం పాడేవాళ్లు రెండు మూడేళ్లకోసారి వస్తారు. ఆ ఏడు వచ్చారు. వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టాను. ముసలాయన గొంతెత్తి ఏడు తరాలు పాడాడు. ఫలానాకు ఫలానా కొడుకు, అతనికి ఫలానా. నేను ఆపించాను.

"ఇందుల ఒక్క ఆడమనిషి గూడ లేదేంది? వీళ్లంతా భూమిల కెల్లి మొలిచిండ్రా?"

"మా తాత చెప్పింది మేం చెప్తం బాపూ," అన్నాడు.

"మీ తాతకు తల్లి లేదా?"

అతను తాళం పక్కన పెట్టి, "మీ తాతలే చెప్పలేదు బాపూ మాకు. మీరు చెప్తే పాడమంటమా?" అన్నాడు. ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాత ఒక దఫ్తర్‌కు పోయాను. ఎక్కడని అడగొద్దు. పాత ఉర్దూ రికార్డు తీయించడానికి నాలుగుసార్లు తిరిగాను. మా తాత పేరు దొరికింది. ముందు ఆయన తండ్రి పేరు. ఇంటి జాగా బాపమ్మ పేరు మీద కొన్నారని విన్నాను కాబట్టి పేజీ తిప్పాను. అక్కడ 'జౌజే' అని రాసి మా తాత పేరుంది. అంటే ఫలానావాడి భార్య. అంతే. ఇంటికి యజమాని ఆమె, కానీ ఆ కాగితంలో ఆమె లేదు. నా మొహం చూసి గుమాస్తా నవ్వాడు. "అరే బడే మియా, ఔరతాఁ కా నామ్ కౌన్ లిఖాతా థా?" ఆడవాళ్ల పేరు ఎవరు రాయించేవారట! నేను గట్టిగా అరిచాను. నన్ను బయటికి పంపించారు.

పెత్రమాస పదిహేను రోజులుందనగా నోటుబుక్కు తీసి కూర్చున్నాను. నా భార్యకు చదువు రాదు, అందుకని పైకే చదివాను. ఊరు, దొరికింది. పోయిన పిల్లలు, నలుగురు, రాసుకున్నాను. మొదటి వరస, కాలేదు.

ఆమె చిక్కుడుకాయ నారలు తీస్తూనే అన్నది. "దఫ్తర్ తిరిగినవ్, పాటోళ్లను తిట్టినవ్, కాకను తిట్టినవ్. కార్వాన్ల ముసలామె ఉన్నది గద, మీ బాపమ్మ చెల్లె. ఆమె కాడికెందుకు పోలే?"

నేను నోటుబుక్కు మూశాను.

"పోవు. ఆడ నీ తప్పున్నది."

ఉంది. బాపమ్మ ముత్తైదువగా పోయింది. ఆడమనిషి ఎవరు పోయినా పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి, ఆ తర్వాతే పాడె లేవాలి. మేము కబురు పంపాం. ఎండ నెత్తికెక్కేదాకా చూశాం. మా బాపు ఓపిక పోయి లేవమన్నాడు. నలుగురిలో ఒక భుజం నాదే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. గల్లీ మలుపు తిరిగేసరికి కార్వాన్‌లోని పుట్టింటివాళ్లు ఎదురొచ్చారు, ముందు ఆ చెల్లెలు, చేతిలో మడత విప్పని చీర. మా బాపు తల వంచుకున్నాడు. నోరు జారింది నేను. "ఇప్పుడా వచ్చేది? వాపస్ పోండి." వాళ్లు పోయారు. నలభై ఏళ్లు ఆ ఇంట్లోవాళ్లు ఈ ఇంటికి, ఈ ఇంట్లోవాళ్లు ఆ ఇంటికి మంచినీళ్లకు కూడా పోలేదు. చావుకబుర్లు కూడా మూడో మనిషి నోట తెలిసేవి.

రెండు రోజులు ఆలోచించి పోయాను. సంతోష్‌నగర్‌లో బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగి, అక్కడి నుంచి నడిచాను. బస్సు దొరకక కాదు. కాళ్లు ఆలస్యం చేద్దామన్నాయి. బర్రెల కొట్టం పక్కన గోడకు ఆనుకుని ముసలామె కూర్చుంది. ఎనభై ఐదు దాటి ఉంటాయి. చూపు ఆనుతున్నట్టు లేదు.

"ఎవల్రా?"

"నేనవ్వా. మీ పెద్దక్క మనుమన్ని."

"ఏ పెద్దక్క? మాకు పెద్దక్క ఎక్కడున్నది? మీరు లేవట్టుకపోయిండ్రు గద."

"తప్పయింది."

"తప్పు గాదు, నోరు. అన్నదేంది నువ్వు ఆ దినం? చెప్పు. నీ నోటితోనే చెప్పు."

చెప్పాను. నాలుగు మాటలు చెప్పడానికి మస్తు సేపు పట్టింది.

"ఎందుకు ఆలస్యమయిందో అడిగినవా? అక్కకు చిలకపచ్చ రంగంటే పానం. ఎర్రంచుది. మూడు దుకాండ్లు తిరిగినం దానికోసం. ఏదో ఒకటి కప్పేటోళ్లమయితే జల్దినే వస్తుంటిమి."

ఆ రంగు సంగతి నాకు తెలియదు. బాపమ్మ ఏ రంగు ఇష్టపడేదో కూడా నాకు తెలియదు.

"ఆ చీర..." అన్నాను.

"ఏమయిందంటవా? దాసుకోని ఏడుస్తున్ననుకున్నవా? కట్టుకున్న. గట్టి చీర, మస్తు దినాలొచ్చింది. చినిగినంక దూడకు కప్పిన." అని, నేనేమైనా నవ్వుతున్నానేమో అని మొహం దగ్గరికి తెచ్చి చూసింది. "దేనికొచ్చినవ్? నేనింక సావలే."

వచ్చిన పని చెప్పాను. పెత్రమాస, గంగమ్మ, తొట్టెలో పిల్ల, అంతా. ఆమె విని విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"పాతికేండ్లు పరాయిదానికి పెట్టిండ్రా బియ్యం? మా అక్క ఆకలితోనే ఉన్నదా?"

"పేరు చెప్పు అవ్వా."

"పెద్దోళ్ల పేరు నోట్ల దీస్తే మా అమ్మ చెంప పగలగొడుతుండె. నేనెన్నడన్న పేరువెట్టి పిలిస్తినా ఏంది? అక్కా అనుడే."

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. పేరు పెట్టి పిలవగలిగేది ఆమె కంటే పెద్దవాళ్లే. వాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరివాడు పోయిన రోజు పేరు కూడా పోయింది, ఆమె ఇంకా బతికి ఉండగానే. మర్యాద, మర్యాద అని మేము చేసిన నిర్వాకం ఇది. ఎవరి మీద అరవాలో తెలియక పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ముసలామె అన్నది. "చెప్తే నాకేమిస్తవ్?"

"ఏం కావాలె?"

"మా పుట్టింట్ల ఇంకెవలు మిగల్లే. నేను పోతే చీర తెచ్చేటోళ్లు లేరు. నువ్వు తేవాలె. గదే రంగు. యాళ్లకు తేవాలె, ఇనవడ్డదా?"

"తెస్త."

ఆమె మొహం కొట్టం దిక్కు తిప్పుకుంది. తను పిలుస్తున్నట్టు కాదు, వాళ్ల నాయన పిలిచినట్టు, పాలు పిండడానికి పెద్దబిడ్డను కేకేసినట్టు, గొంతంతా పెట్టి ఆ పేరు పిలిచింది. పక్కింటి ఆమె గోడ మీది నుంచి తల పెట్టి, "ఎవలను పిలుస్తున్నవవ్వా?" అంది. "నిన్ను గాదు, పో," అంది ముసలామె.

ఎంత మామూలు పేరో! గల్లీకి ఇద్దరు ముగ్గురికి ఉండే పేరు. దీన్ని పోగొట్టుకున్నామా మేము?

పెత్రమాస నాడు అయ్యగారు విస్తరాకు ముందుకు జరుపుకుని, అలవాటు కొద్దీ, "నాయనమ్మ గంగమ్మ..." అని అందుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఆగుండ్రి అయ్యగారూ. ఆ పేరు కాదు."

"ఏటా ఇదే గదా!"

"ఏటా తప్పే."

పక్క నుంచి తమ్ముడు, "మరి ఇన్నేండ్ల బియ్యం ఎవలికి ముట్టినట్టు అన్నా?" అన్నాడు. వెనక వరసలో ఎవరో, "ఎవలికో ముట్టినయ్ తియ్యుండ్రి, జల్ది కానీయుండ్రి, మా పెద్దలు ఆకలి మీదున్నరు," అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పేరు మూడుసార్లు గట్టిగా చెప్పాను, వెనకవాళ్లకు కూడా వినబడేటట్టు. తర్వాత తమ్ముడి చేత, వాడి కొడుకుల చేత చెప్పించాను. అయ్యగారు కూడా అన్నారు. పరాయి నోటిలోంచి ఆ పేరు వినడం అదే మొదలు.

ఇంటికి వచ్చి మొదటి వరస కొట్టేసి, కొత్త పేజీ తీశాను. వచ్చే ఏడాది పనులు. ముందు వరసలో చిలకపచ్చ చీర అని రాశాను. రెండో వరసలో మా ముత్తాత భార్య పేరు రాయబోతుంటే నా భార్య అడిగింది.

"లోకంల మీ దిక్కోళ్లే పుట్టిండ్రా? మా అమ్మమ్మ పేరు నాకెరుకనే. ముప్పై ఏండ్లాయె, ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. అడిగాను. చెప్పింది. రాసుకున్నాను. తొట్టెలో పిల్ల గంగ పేరు మాత్రం మార్చలేదు. దాని పేరు దానిదే.

చీర ఆ వారమే కొని పెట్టెలో పెట్టాను. రెండేళ్ల తర్వాత ఒక పొద్దున కార్వాన్ నుంచి మనిషి వచ్చాడు. వాడు విషయం చెప్పేలోపే నేను పెట్టె తెరిచాను. పోయేసరికి ముసలామె ఇంకా పాడె ఎక్కలేదు, చాప మీదే ఉంది. పక్కింటి ఆమె నన్ను చూసి లోపలికి తిరిగి, "పుట్టింటోళ్లు వచ్చిండ్రు, జరుగుండ్రి," అన్నది.