ధైర్యం మాత్ర

మా ఆయన ఎత్తైన భవనాలకు రంగులు వేస్తాడు. తాళ్ళకు వేలాడే పలక మీద కూర్చుని చేసే పని, కింద నిలబడి చూసేవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి. కోతలు కోయడంలోనూ అంతే ఎత్తు మనిషి. భయమంటే ఏమిటో తెలియదనేవాడు. ఆయనకూ భయం తెలుసని పెళ్ళాన్నైన నాకు తెలియదా!

కిందటేడు గుండె లయ తప్పి ఆస్పత్రిలో పడ్డాడు. రోజూ పొద్దున వేసుకోమని మాత్ర రాసిచ్చారు. అది గుండె వేగం తగ్గిస్తుందని, ఎత్తులెక్కొద్దని గట్టిగా చెప్పారు. మా ఆయన ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. నెల తిరగకుండా మళ్ళీ పలకెక్కాడు.

"పైన గుండె దడే లేదే! చెయ్యి కూడా వణకలేదు. ఇది జబ్బు మాత్ర కాదు, ధైర్యం మాత్ర," అన్నాడు ఇంటికొచ్చి.

నేనూ నవ్వాను. అందులో నవ్వడానికేమీ లేదని అప్పటికి తెలియదు.

మా తమ్ముడు కూడా ఆయన దగ్గరే పని. వాడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, పీల్చే మందు జేబులో లేకుండా గడప దాటడు. కింద రంగులు కలిపి బకెట్లు పైకి పంపేవాడు. పైకెక్కాలని ఆశే గానీ, రెండంతస్తులు దాటితే కాళ్ళు వణికేవి. తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

ఒక ఉదయం నేను అన్నం డబ్బాలు సర్దుతుంటే వాకిట్లో గుసగుసలు వినిపించాయి.

"నాకేమీ కాదు కదా బావా?"

"నాకేమైందిరా? గుండ్రాయిలా ఉన్నాను!"

బావామరుదుల వేళాకోళం అనుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. పలక మీద తమ్ముడికి ఊపిరి అందలేదట. మా ఆయనే కిందికి దింపి తీసుకొచ్చాడు. నేను పరుగున వెళ్ళేసరికి వాడి పెదవులు నల్లబడి ఉన్నాయి. ఒక్కొక్క ఊపిరికీ మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. నా ప్రాణం నా దగ్గర లేదు.

"మామూలుగా ఇచ్చే మందు పని చెయ్యడం లేదు. ఇంకేదైనా మాత్ర వేసుకున్నాడా?" అంది డాక్టరమ్మ.

మా ఆయన చెయ్యి చొక్కా జేబు మీదే ఉంది. అంత ఎత్తున ఈల వేస్తూ పని చేసే మగవాడు, ఒక్క మాట చెప్పడానికి చచ్చిపోతున్నాడు. పొద్దుటి గుసగుసలు ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆయన చెయ్యి పక్కకు లాగి, జేబులోంచి మాత్రల అట్ట తీసి డాక్టరమ్మకు ఇచ్చాను.

"ఇదా! ఇది ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరిగొట్టాలు బిగించేస్తుంది. పీల్చే మందునీ పని చెయ్యనివ్వదు. ఎవరిచ్చారు?"

"మా ఆయన," అన్నాను.

వెంటనే మందులు మార్చారు. చీకటి పడేవేళకు తమ్ముడు తెరిపిన పడ్డాడు. మా ఆయన ఏడుస్తూ, ఈ పాపిష్టి మాత్ర జన్మలో ముట్టనని అట్టను చెత్తబుట్టలోకి విసిరాడు.

డాక్టరమ్మ గయ్యిమంది. "ఉన్నట్టుండి మానేస్తే మీ గుండె తిరగబడుతుంది, ప్రాణం మీదికొస్తుంది! మీది మీరు రోజూ వేసుకోండి, ఇంకొకరికి ఇవ్వకండి. మానాలన్నా మార్చాలన్నా మీ డాక్టరు చెప్పాలి."

ఇప్పుడా మాత్ర చూస్తే నాకు తమ్ముడి పెదవులే కనిపిస్తాయి. అయినా రోజూ పొద్దున నా చేత్తోనే ఇస్తాను. ఆయన మింగాక నోరు తెరిపించి చూస్తాను.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు మొన్న.

"లేదు," అన్నాను.